ఒక్క పాఠం పెద్దాయన

నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు పక్కన, నడి ఎండలో గొడుగు మూసేసి, దాని మొన నేలకు ఆనించి, పిడిని రెండు చేతుల్తో పట్టుకుని, కాస్త ముందుకు వంగి తన వేళ్ళను తానే తదేకంగా చూసుకుంటున్న పెద్దమనిషి కనిపిస్తే బండి ఆపకండి. నడుం పట్టేసిందేమో పాపం అని ఆపారా, మీ చేతులు రెండూ ఓ అరగంట ఆయన స్వాధీనం. "ఏదబ్బయా, ఎడం చెయ్యి ఇట్టియ్యి. అట్టా పిడికిలి బిగిస్తారా ఎవురన్నా? గడ్డపారా అది?"

ఊళ్ళో ఆయన పేరు గ్రిప్పు పెద్దాయన. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. ముప్పై ఎకరాల రొయ్యల గుంటలున్న మనిషిని ఎదురుగా ఏమంటాం?

ఈ బాపతు మనుషులు మా తీరానికి కొత్త కాదు. ఊరికొకరు ఉంటారు. దేన్నయినా సరే ఒకటో పాఠం దాకా నేర్చుకుని, అక్కణ్ణించి లోకానికి గురువైపోతారు. ఒకాయన యోగాలో పద్మాసనం దాకా వెళ్ళి, మోకాళ్ళు ఒప్పుకోక అక్కడే ఆగిపోయి, ఇప్పుడు పెళ్ళిపందిట్లో కూర్చున్నవాళ్ళ వెన్నెముకలన్నీ సరిచేస్తుంటాడు. ఇంకొకాయన సరళీ స్వరాల దగ్గర సంగీతం మానేశాడు. ఆయన పక్కన కూర్చుని కచేరీ వినడం కన్నా టికెట్టు చించేసుకోవడం మేలు. రెండో పాఠం మొదలైతే గానీ తనకేమీ రాదని మనిషికి తెలియదు. అందుకే వీళ్ళు దాని జోలికి పోరు. మన పెద్దాయన ఆ వంశంలో తాజా అవతారం. ఈ అవతారంలో విద్య, గోల్ఫ్.

మైపాడుకూ గోల్ఫ్‌కూ పొత్తు కుదిర్చింది అమెరికా. కొడుకు కాపురం డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. కొత్తిమీర కొనే చోటా, పిల్లల్ని బడి దగ్గర దించే చోటా తెలుగు వినిపించే ఊరు. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం కూడా 2022లో ఫ్లోరిడా నుంచి మూటాముల్లే సర్దుకుని తన ప్రధాన కార్యాలయాన్ని ఆ ఊరికే తెచ్చుకుంది. ఇక ఆ ఊళ్ళో వియ్యంకుడు గోల్ఫ్ ఆడకుండా ఉంటాడా? ఆడతాడు. ఒక శనివారం మన పెద్దాయన్ని వెంటబెట్టుకుని పోయి, బ్యాటరీ బండిలో కూర్చోబెట్టి, చేతికి మంచినీళ్ళ సీసాలిచ్చాడు. నాలుగు గంటలసేపు బావగారు కొడతారు, ఈయన సీసా అందిస్తాడు. ఆడపిల్ల తరఫువాడు బ్యాటు ఊపడమేంది, మగపెళ్ళివారు నీళ్ళు మొయ్యడమేంది! ఆ రాత్రి ఈయన అన్నం ముట్టలేదని కోడలు చెప్పింది.

మర్నాడే కొడుకు ఒక శిక్షకుడి దగ్గర చేర్పించాడు. ఆ తెల్లాయన గంటసేపు బంతి చూపించలేదు, ఊపు చూపించలేదు. పట్టుకోవడం ఒక్కటే చూపించాడు. పాఠం అయిన మూడో రోజున తిరుగు విమానం.

అన్యాయం చెయ్యకూడదు, ఆ ఒక్క పాఠం ఈయన క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. కర్ర అరచేతి మధ్యలో కాదు, వేళ్ళ మొదట్లో పడాలి. ఎడమచేతి చిటికెనవేలి మొదలు నుంచి చూపుడువేలి నడిమి కణుపు దాకా ఏటవాలుగా. అరచేతి కింది కండ కర్ర నెత్తిన కూర్చోవాలి. బొటనవేలు నిటారుగా కాకుండా రవ్వంత కుడికి ఒరగాలి. అప్పుడు తల దించి చూస్తే ఎడమచేతి మెటికలు రెండో మూడో కనపడాలి. తర్వాత కుడిచెయ్యి వచ్చి ఆ ఎడమ బొటనవేలిని తన అరచేత్తో కప్పేసి, చిటికెనవేలిని మాత్రం ఎడమచేతి చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య సందులో ఎక్కించాలి. దీని పేరు వార్డన్ గ్రిప్. హ్యారీ వార్డన్ బ్రిటిష్ ఓపెన్‌ను 1896 నుంచి 1914 లోపల ఆరుసార్లు గెలిచాడు గనక పేరు ఆయనకు దక్కింది గానీ, ఆయన కంటే ముందే జానీ లెయిడ్లే అనే స్కాట్లండు ఆటగాడు ఇట్లాగే పట్టేవాడు. చిటికెనవేలిని సందులో ఎక్కించకుండా అవతలి చూపుడువేలితో పెనవేస్తే అది ఇంటర్‌లాక్. జాక్ నిక్లాస్‌దీ టైగర్ వుడ్స్‌దీ అదే. పది వేళ్ళూ వరసగా పేర్చి పట్టేది బేస్‌బాల్ పట్టు. ఆ మాట అనేటప్పుడు పెద్దాయన మొహం చేదుమాత్ర మింగినట్టవుతుంది.

ఇదంతా చాదస్తం కాదు సుమండీ. మనిషికీ కర్రకూ మధ్య ఉన్న సంబంధమంతా ఆ రెండు చేతులే. చేతులు ఎడమకు తిరిగి ఒక్క మెటికే కనపడుతుంటే కర్ర ముఖం తెరుచుకుని బంతి కుడివైపు వంకర పోతుంది. నాలుగు కనపడుతుంటే ముఖం మూసుకుని ఎడమవైపు. బెన్ హోగన్ అంతటివాడు ఆ ఎడమవైపు వంకరతో ఏళ్ళ తరబడి అవస్థపడి, పట్టు మార్చుకుని బయటపడ్డాడు. 1957లో ఆయన రాసిన అయిదు పాఠాల పుస్తకంలో మొదటి పాఠం పట్టు గురించే. పుస్తకం కొడుకు పంపించాడు. పెద్దాయన దగ్గరున్న ప్రతిలో ఆ మొదటి పాఠం నలిగి, నూనె మరకలు పడి, విడివిడి కాగితాలయింది. మిగతా నాలుగు పాఠాలూ కొత్త పెళ్ళికూతురి చీర మడతల్లా ఉన్నాయి.

పోనీ, ముందుకు పోదామంటే ఎక్కడికి పోతాడు? విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు ఉంది, హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన ఉంది, చెన్నై నందనంలో ఉంది. అన్నిట్లోకీ దగ్గరిదైన చెన్నైకే దాదాపు 175 కిలోమీటర్లు. కలకత్తాలో 1829లోనే గోల్ఫ్ క్లబ్బు పుట్టింది. నెల్లూరు దాకా రావడానికి ఆ ఆటకు ఇంకా తీరిక చిక్కలేదు. నిజానికి మా తీరంలో మైదానానికి కావలసిన సరంజామా అంతా తయారుగానే ఉంది. గోల్ఫ్‌లో ఇసక గుంటను బంకర్ అంటారు, బంతి అందులో పడితే ఖర్మ. నీళ్ళ గుంట ఇంకో ఆపద. మా వైపు సముద్రం పొడుగునా ఇసక కాకపోతే గుంట, గుంట కాకపోతే ఇసక. మధ్యలో ఆ పచ్చిక ఒక్కటే తక్కువ. అందువల్ల ఈ తీరంలో గోల్ఫ్ అంటే పట్టుకోవడమే. పట్టుకున్నాక కొట్టాలన్న ప్రశ్న ఉదయించదు.

అమెరికన్ ఆటగాడు శామ్ స్నీడ్ కర్రను పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టాలని చెప్పేవాడు. పెద్దాయన దాన్ని తన గుంటల్లో పెంచే వనామి రొయ్యకు మార్చేశాడు. తెల్లారుజామున గుంట గట్టు మీద నిలబడి, చెక్ ట్రేలోంచి ఓ రొయ్యను తీస్తాడు. రెండు వేళ్ళ మధ్య తలకాయ డిప్ప దగ్గర, ముల్లు గుచ్చుకోకుండా, వెలుతురుకు ఎత్తి పేగు నిండిందా లేదా చూస్తాడు. "గట్టిగా పడితే నలిగిపోద్ది, వొదులుగా పడితే ఎగిరి గుంటలో పడద్ది. అర్థమయిందా? అదే గ్రిప్పు." మేత చల్లడానికి వచ్చిన కుర్రాడికి అర్థమైనా కాకపోయినా తల ఊపడం ఉద్యోగ ధర్మం.

ఒకరోజు ఆయన గట్టు మీద మెటికలు లెక్కపెట్టుకుంటుండగా రొయ్యలు కొనే వ్యాపారి ఫోను చేశాడు. "కౌంటెంత అన్నా?" పరధ్యానంలో పెద్దాయన "రెండున్నర" అన్నాడు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. రెండున్నరంటే ఒక్కో రొయ్య 400 గ్రాములు. వ్యాపారి అర్ధగంటలో కారేసుకుని గట్టు మీద దిగాడు.

ఇంట్లో మాత్రం ఈ విద్య చెల్లదు. నెల్లూరు చేపల పులుసులో ఒకసారి ముక్కలు వేశాక గరిటె పెట్టరు, ముక్క చెదిరిపోతుంది. గుడ్డతో దాక అంచులు రెండూ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పుతారు. ఆ తిప్పేటప్పుడు పెద్దమ్మ మణికట్లు చూస్తే ఏ శిక్షకుడైనా దండం పెట్టాలి. పెద్దాయన దండం పెట్టలేదు, సలహా చెప్పాడు.

"ఎడం బొటనేలు కాస్త కుడికి జరుపు."

"నువ్వే కాస్త బయటికి జరుగు. మామిడికాయ ముక్కలెయ్యబళ్ళా" అంది ఆమె, తల తిప్పకుండా.

అమెరికా నుంచి తెచ్చుకున్న సెట్టులో ఒక కర్ర కనపడకపోతే వారం రోజులు వెతికారు. చివరికి కాపలావాడి దగ్గర తేలింది, ఏడో నంబరు ఐరన్. గుంటల మీద వాలే నీటికాకుల్ని తోలడానికి రేకు డబ్బా మీద బాదుతున్నాడు. మోత అర కిలోమీటరు వినిపిస్తోంది, ఒక్క పిట్ట వాలడం లేదు. పెద్దాయన పరుగున పోయాడు. కర్ర లాక్కుంటాడనుకున్నాం. లాక్కోలేదు. కాసేపు వాడి చేతులకేసి చూసి, "పది వేళ్ళ పట్టు రా నీది, బేస్‌బాల్" అని నిట్టూర్చి, అక్కడే నిలబెట్టి వాడి చిటికెనవేలు సందులో ఎక్కించాడు. ఆ సాయంత్రం నుంచి డబ్బా మోత సగానికి పడిపోయింది. నీటికాకులు తిరిగొచ్చాయి. వాడు మర్యాదస్థుడు, ఆయన కారు కనపడితే వార్డన్ గ్రిప్పు, కారు వెళ్ళిపోతే పాత పట్టు.

నవ్వుతాం గానీ, ఈ పిచ్చికి ఒక లెక్క ఉందనిపిస్తుంది నాకు. 1990ల నడుమ తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు ఇలాంటివాళ్ళెందరివో గుంటలూ, ఇంట్లో బంగారమూ కలిసే పోయాయి. 2009లో వనామికి అనుమతి వచ్చాక మళ్ళీ లేచారు. సీడు ఒకరి చేతిలో, మేత రేటు ఇంకొకరి చేతిలో, కరెంటు దేవుడి చేతిలో. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కించేసరికి, పెద్దాయనకు పట్టు నేర్పిన దేశమే రొయ్య ధర జార్చేసింది. అన్నీ జారే వ్యాపారంలో, జారకుండా పట్టుకునే పద్ధతి ఒక్కటి దొరికితే మనిషి దాన్ని ఊరికే వదులుతాడా?

గట్టి దెబ్బ మేనల్లుడి రూపంలో వచ్చింది. ఇంజినీరింగ్ చదివే ఆ కుర్రాడు ఎక్కడ చదివాడో, పాప్వా సెవ్‌గోలమ్ సంగతి భోజనాల దగ్గర ఎత్తాడు. 1860లో మద్రాసు రేవు నుంచి మొదటి ఓడ కూలీల్ని తీసుకుపోయింది దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు. మన తెలుగువాళ్ళూ చాలామంది ఆ దారిన వెళ్ళినవాళ్ళే. అక్కడి భారతీయ సంతతివాడు సెవ్‌గోలమ్. డర్బన్‌లో దొరల కర్రలు మోసే కేడీ. చేతులు తిరగేసి పట్టేవాడు, పైన ఉండాల్సిన ఎడమచెయ్యి కింద, కింద ఉండాల్సిన కుడిచెయ్యి పైన. ఆ పట్టుతోనే 1959లో డచ్ ఓపెన్ గెలిచాడు, మరుసటేడు మళ్ళీ గెలిచాడు. 1963లో నటాల్ ఓపెన్ గెలిస్తే, తెల్లవాడు కాదు గనక క్లబ్బులోకి రానివ్వక, వానలో బయట నిలబెట్టి కప్పు చేతికిచ్చారు.

పెద్దాయన పెరుగన్నం కలపడం ఆపేశాడు. చాలాసేపటికి, "వాన్లో నిలబెట్టారా?" అన్నాడు. ఇంకాసేపటికి, "వాళ్ళ గ్రిప్పు తగలెయ్య" అన్నాడు. ఆయన నోట ఆ మాట అంత కోపంగా వినడం మాకదే మొదలు. ఆ సాయంత్రం మేత గోడౌను వెనక ఎవరూ లేకుండా చూసుకుని, చేతులు తిరగేసి కర్ర పట్టుకుని ఊపబోయాడనీ, కుదరక తిట్టుకున్నాడనీ కాపలావాడి కథనం. మర్నాటికి మాత్రం సర్దుకున్నాడు. "ఆయన పుట్టుకతో వొచ్చినోడు. మనం నేర్చుకున్నోళ్ళం. మనకి రూలుండాది."

మొన్న సంక్రాంతికి ముందు కొడుకు ఫోను చేశాడు. స్పీకరులో పెట్టి మాట్లాడే అలవాటు గనక వీధి వీధంతా విన్నాం.

"నాయనా, వేసవికి టికెట్లు తీశా. ఈసారి ఆరు క్లాసులకి ముందే డబ్బు కట్టేశా. మొదటిది అయిపోయింది గదా, రెండోదాన్నించి మొదలు. ఎట్టా నిలబడాలో చెప్తారు."

"నిలబడేదానికి అమెరికా రావాల్నా? అరవై ఎనిమిదేళ్ళుగా నిలబడే ఉండా."

"డబ్బులు వాపసు ఇయ్యరు నాయనా."

పెద్దాయన ఆలోచించాడు. రొయ్యలు పట్టేముందు రేటు ఆలోచించినట్టే, తొందర లేకుండా.

"సరే, వొదులుకోబాక. ఆ క్లాసులన్నీ మీ మామ పేరు మీదకి మార్చు. ఒకటోదాన్నించి పెట్టించు. ఆరోజు చూశా గదా, ఆయన బంతులన్నీ కుడివైపు చెట్లల్లోకే పోయినాయి."