ఓబులేసుకు ఫారం నింపాలట!

కనుమ రోజున ఆళ్లగడ్డ పక్కన అహోబిలంలో పెళ్లికొడుకు పల్లకీ ఎక్కుతాడు. పెళ్లి ఫాల్గుణంలో, బ్రహ్మోత్సవాలప్పుడు. పిలుపులు మాత్రం అప్పుడే మొదలు. శుభలేఖను వాట్సాప్‌లో పడేసి చేతులు దులుపుకునే రకం కాదు నరసింహస్వామి, అదే మన ఓబులేసు. దాదాపు నలభై రోజులు, ముప్పైకి పైగా ఊళ్లు, స్వయంగా తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనక చెంచులకు అల్లుడు. బయలుదేరేటప్పుడు వాళ్లు పల్లకీ వైపు బాణాలు వేసి సాగనంపుతారు. అత్తింటి మర్యాదలు అలాగే ఉంటాయి మరి.

ఇదే పార్వేట. ఊరూరా తెలుపులనే అరుగుల మీద కొలువు. ఇన్ని ఊళ్లు కలిసి ఒక్క పండుగను మోస్తున్నా, దీనికి సెక్రటేరియట్ లేదు, లోగో లేదు.

లోకంలో ఇలా నలుగురు కలవడానికి ఎంత హంగు కావాలో! కళలకు సర్కారు సొమ్ము పంచే మండళ్లు 2000లో ఒట్టావాలో కలిసి, ఓ సమాఖ్య పెట్టుకున్నాయి. దాని ఆఫీసు సిడ్నీలో. తర్వాతి సదస్సుల పిలుపులు సింగపూర్, జోహన్నెస్‌బర్గ్, శాంటియాగో, స్టాక్‌హోమ్... పదో సదస్సు 2025లో సియోల్‌లో. వాళ్లదీ ఊళ్లు తిరిగే వ్యవహారమే, కాకపోతే పల్లకీకి రెక్కలుంటాయి.

ఈ పార్వేటను యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కించాలని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ వాళ్లు నడుం కట్టారు. మంచిదే. గర్బా ఎక్కింది, కోల్‌కతా దుర్గాపూజ ఎక్కింది, తెలుగువాళ్లకే సొంతమైనది మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. అయితే ఓబులేసుడికి అలవాటైన దారి వేరు, ఫైలు దారి వేరు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయ్యేదాకా ఆళ్లగడ్డ కాగితాలు కర్నూలుకు పోయేవి. ఇప్పుడు నంద్యాల దగ్గరైంది, యునెస్కో ఉండే పారిస్ మాత్రం ఉన్నచోటే ఉంది. పైగా అక్కడ ఒక్కో దేశానికి రెండేళ్లకు ఒక్క దరఖాస్తు చూడటం రివాజు. ఢిల్లీలో వరస కట్టినవాళ్లలో స్వామివారి నంబరు ఎంతో!

జాబితాకు ఎక్కితే డబ్బులొస్తాయా? ఎక్కినంత మాత్రాన పైసా రాదు. నిధి ఒకటుంది. సభ్యదేశాలు యునెస్కోకు కట్టే చందాలో వందకు ఒకటి మించకుండా అందులో వేస్తాయి. మన పెళ్లిళ్లలో అలాంటి చదివింపును మైకులో చదవరు, మెల్లగా పుస్తకంలో రాసుకుంటారు.

అసలు తిప్పలు ఫారంతోనే. సంబంధిత జనం ముందుగా, ఇష్టపూర్వకంగా, అన్నీ తెలిసి ఒప్పుకున్నట్టు రుజువు కావాలి. చెంచులు సరే, పెళ్లికొడుకు సంతకం ఎవరు తేవాలి? ఫొటోలు పది. వీడియో పది నిమిషాలు దాటకూడదు. నలభై రోజుల పండుగను పది నిమిషాలకు కోయాలి. ‘మా ఊరి తెలుపు కనబడకుంటే ఒప్పుకునేది లేదు’ అని ముప్పై ఊళ్లూ భీష్మించుకుంటే, ఊరికి ఇరవై సెకన్లు. పల్లకీ మోసేవాళ్లు భుజం మార్చుకునేలోపే అవి అయిపోతాయి.