బల్లమీది ఫోన్లకు వైఫై పట్టించే పద్ధతి

అవుకు దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నారు. ఆఫీసు గదులకు మూరెడు మందం రాతి గోడలు. బల్లకొకటి చొప్పున ఐపీ ఫోన్లు తెప్పిస్తున్నారు. ల్యాన్ తీగ లాగాలంటే గోడలు తొలవాలి, రోజంతా దుమ్ము. ఎందుకొచ్చిన పని? రూటర్ ఉండనే ఉంది. ఫోన్లను వైఫైకే తగిలించండి. ఎలాగో చెప్తా.

కొనేటప్పుడు ఫోనులో వైఫై ఉందా అని నంద్యాల షాపులో అడగొద్దు, చిన్నతనం. బల్లమీది ఫోన్లలో చాలావాటికి ల్యాన్ పోర్టు తప్ప వేరే దారి ఉండదు. ఆఫీసుకు తెచ్చుకుని మెనూ అంతా గాలించాక ఆ సంగతి తెలిస్తే చాలు. బిల్లు ఎటూ పోగొట్టుకునే ఉంటారు.

ఇక తీగ పీకేయండి. ఫోను ఆరిపోతుంది. కంపెనీని తిట్టండి. పీఓఈ స్విచ్ నుంచి వచ్చే ఆ తీగ మాటతోపాటు 48 వోల్టుల ప్రాంతంలో కరెంటు కూడా తెస్తుంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రాముడి కథా, పాండవుల కథా చెప్పినట్టన్నమాట. ఆ కావ్యం రాయమని అడిగింది ఆకువీటి ప్రభువు, ఆకువీడంటే మన అవుకే అంటారు. ద్వ్యర్థి కావ్యం అడిగి రాయించుకున్న ఊళ్లో తీగకు ఒకటే పని అనుకోవడం మన ప్రత్యేకత.

వైఫైలో కరెంటు రాదు కాబట్టి అడాప్టర్ కావాలి. సెట్‌టాప్ బాక్సుది పీకి గుచ్చండి. దానిమీద 12 వోల్టులు, ఫోను అడుగున 5 వోల్టులు అని రాసున్నా పట్టించుకోవద్దు, పిన్ను దూరిందంటే సరిపోయినట్టే. వాసన రాగానే ఆపేయండి.

పాత ల్యాండ్‌లైన్ ఫోను పారేయబుద్ధి కావట్లేదా? దాని సన్న పిన్ను కూడా ల్యాన్ రంధ్రంలోకి దూరుతుంది. మధ్యలో ఏటీఏ అనే డబ్బా పెట్టాలని ఎవరైనా చెబితే, వాళ్లకు కమిషన్ ఉందనుకోండి. ఇంకా ధైర్యముంటే గోడలోంచి వచ్చే టెలిఫోన్ లైనునే రూటర్లో గుచ్చండి. గంట మోగినప్పుడు ఆ లైనులో దాదాపు 75 వోల్టులు వస్తాయి. రూటర్‌కు ఆ కబురు మొదటి కాల్‌తోనే అందుతుంది.

వైఫై లేని ఫోన్లకు నలుగురూ వైర్‌లెస్ బ్రిడ్జి పెట్టమంటారు. వైఫై పట్టుకుని ల్యాన్ తీగకిచ్చే డబ్బా అది. అన్నిటికన్నా చవకది కొని, వెనక ఒక స్విచ్ తగిలించి, నాలుగు ఫోన్లూ దానికే వేలాడదీయండి. మామూలు క్లయింట్ మోడ్‌లో అవతలి రూటర్ గుర్తించేది ఒక్క ఎంఏసీ అడ్రసునే. కొన్ని డబ్బాలు నాలుగు ఫోన్లనూ తమ పేరు వెనక దాచేస్తాయి. అప్పుడే అసలు తమాషా. గంట మోగుతుంది, ఎత్తుతారు.

"అన్నా, రెండడుగుల రాయి లోడుకు ఎంతన్నా?"

ఆ మాట మీ చెవికి చేరదు. మీరు అరుస్తారు.

"అన్నా? ఇనపడ్తాందా? పలకవేందన్నా?"

ఆయన మాట మీకు రాదు, మీ మాట అటు శుభ్రంగా పోతుంది. రెండుసార్లు అరిచి, మీరే ఒక ధర అని, చివరికి దాన్నీ తగ్గించి పెట్టేస్తారు. ఆయన ఆ ధర పట్టుకుని తాడిపత్రి వాళ్ల దగ్గరికి పోతాడు. బేరంలో మన మనసు ఎదుటివాడికి ఇంత ఉచితంగా తెలియడం మాటలా?

రూటర్ను గోడౌన్‌లో, రాళ్ల దొంతర్ల వెనక, బీరువా లోపల పెట్టండి, దొంగల భయం ఉండదు. సిగ్నల్ అందకపోతే రిపీటర్, దానికి ఇంకో రిపీటర్. ఒకే రేడియోతో పనిచేసే రిపీటర్ ఒక్కొక్కటీ వేగాన్ని సగానికి దించుతుంది. అయినా మొబైల్లో స్పీడ్ టెస్ట్ చేసి అందరికీ చూపించండి. ఒక కాల్‌కు అటూ ఇటూ చెరో 87 కేబీపీఎస్ చాలు, అంతకన్నా ఎంతో ఎక్కువే కనబడుతుంది. మాట సెకనుకు 50 ప్యాకెట్లుగా పోతుందనీ, ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ పారేయడానికే పనికొస్తుందనీ మాత్రం చెప్పొద్దు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగడం మొదలవుతుంది. చూసేవాళ్లకు మర్యాదగానే ఉంటుంది.

వాయిస్‌కు ముందు దారి ఇచ్చే సెట్టింగ్ రూటర్లో ఉంటే ఆఫ్ చేయండి. సీసీ కెమెరాలు, కుర్రాళ్ల రీల్స్, గుమాస్తా పాటలు అన్నీ సమానమే. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్లు ఒకదాన్నొకటి తాకవని అందరూ వాటినే పెట్టుకుంటారు. మీరు 3 పెట్టండి, 1 వాళ్లనూ 6 వాళ్లనూ ఇద్దరినీ పలకరించినట్టుంటుంది.

వైఫై పాస్‌వర్డ్ నెలనెలా మార్చండి, బ్రిడ్జి డబ్బాల్లో మాత్రం పాతదే ఉంచండి. ఆ రోజు మొత్తం ఫోన్లు నోరు మెదపవు. కిస్తీ అడిగే ఫైనాన్సు వాళ్లు కూడా మిమ్మల్ని పట్టుకోలేరు.