అతుకుబిళ్లలతో చత్వారాన్ని బోల్తా కొట్టించండి

నలభై దాటింది. మందుసీసా మీది అక్షరాలు చదవడానికి చెయ్యి పొడవు చాలడం లేదు. కంటి డాక్టరు దగ్గరికెళ్తే చత్వారం అంటాడు, దాంతో మీ వయసు ఇంటిల్లిపాదికీ గుర్తొస్తుంది. వెళ్లకండి. అర్ధచంద్రాకారపు మెత్తటి ప్లాస్టిక్ బిళ్లలు దొరుకుతాయి. నీళ్లతో తడిపి కూలింగ్ గ్లాసులకు అతికిస్తే దగ్గరివి పెద్దగా కనిపిస్తాయి. కావాలంటే పీకేసుకోవచ్చు.

1. పవరు ఎక్కువున్నదే కొనండి. ప్లస్ 1కీ ప్లస్ 3కీ ధర ఒకటే అయినప్పుడు తక్కువది కొనడం తెలివితక్కువ. ప్లస్ 3లోంచి చూస్తే దాదాపు 33 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది తేటగా ఉంటుంది, దాటితే అలికినట్టుంటుంది. 33 సెంటీమీటర్ల అవతల మీకేం పని?

2. పరీక్ష జోలికి పోకండి. రెండు కళ్లకూ సైటు వేరుగా ఉండొచ్చంటారు, నీటికాసులు చడీచప్పుడు లేకుండా చూపు తినేస్తాయంటారు, షుగరుంటే ఏటా కంటి వెనక పొర చూపించుకోమంటారు. అక్షరాలు కనిపిస్తుంటే ఇంకేం కావాలి? ఒకరోజు బిళ్ల లేకుండానే పేపరు చదవగలిగారనుకోండి, వయసు వెనక్కి మళ్లిందని వీధంతా చెప్పుకోండి. శుక్లం మొదలైనప్పుడు కొందరికి దగ్గరిచూపు కొన్నాళ్లు అలాగే బాగుపడుతుందని ఎవరైనా అంటే, వాళ్లది ఏడుపు.

3. వాడే విధానం కాగితం పారేయండి. అది చదవగలిగితే ఇది కొనేవారే కాదు. బిళ్లను నీళ్ల గిన్నెలో ముంచి, అద్దానికి లోపలివైపు, కిందిభాగాన ఆనించి, బుడగలు బయటికి తోసి, ఆరనివ్వాలట. ఆ గిన్నె మళ్లీ కడగాల్సింది ఎవరు? ఉమ్మి చాలు. బయటివైపు, నడిమధ్యన అంటించండి. అంచు మిగిలితే కొత్తిమీర కత్తెరతో కోయండి. వంకరపోతే రెండోదాన్నీ అంతే వంకరగా కోయండి, జత కుదురుతుంది.

4. మెట్లు దిగేటప్పుడు తల వంచకండి, కళ్లు మాత్రం దించండి. ఆఖరిమెట్టు పైకి తేలినట్టుంటుంది. అక్కడే కాలేయండి.

5. అసలు లాభం సాకుల్లో ఉంది. ఇంటావిడ సరుకుల చీటీ ఇస్తే "బిళ్ల ఊడిపోయిందే" అనండి. ఆఫీసులో ఫైలు వస్తే "బుడగొచ్చింది సార్, ఆరాలి" అనండి, సాయంత్రం దాకా ఆరబెట్టండి. హోటల్లో బిల్లు రాగానే "కాస్త చూడు బావా, అంకెలు అలుక్కుపోతున్నాయి" అని బావమరిది చేతికివ్వండి. చూసినవాడికి మొహమాటం ఉంటుంది. అప్పుడు మీరు చేతులు కడుక్కోవడానికి లేవండి, మెల్లగా కడుక్కోండి. వాడు కట్టేసి వచ్చేసరికి బిళ్ల బాగుపడుతుంది. సోంపు ఎక్కడుందో కనిపిస్తుంది.

6. సబ్బునీళ్లతో కడగకండి. చిల్లరతో కలిపి జేబులో వేసుకోండి. గీతలు పడితే సాకులకు బలం.

7. ఎవరైనా నవ్వితే బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పండి. దూరానికీ దగ్గరికీ రెండు జతలు మార్చలేక, అద్దాలు సగానికి కోయించి ఒకే ఫ్రేములో పెట్టించుకున్నానని ఆయన 1785లో స్నేహితుడికి ఉత్తరం రాశాడు. పాపం, కోయించడానికి ఖర్చుపెట్టాడు. మీకు ఉమ్మితో అయిపోయింది.

8. రాత్రయినా కూలింగ్ గ్లాసులు తీయకండి, బిళ్ల మళ్లీ అతికించే శ్రమెందుకు? ఇంట్లో చీకటిగా ఉంటే లైట్లన్నీ వేయండి. నెలాఖరుకు కరెంటు బిల్లొస్తుంది. బావమరిదికి ఫోన్ చేసి బుడగొచ్చిందనండి.