తల తిరుగుతుంటే వినకూడని సలహాలు

భిలాయి పక్కనున్న జాముల్‌లో ఎవరికైనా "చక్కరొచ్చింది" అన్న మాట బయటికి పొక్కితే చాలు, కాసేపట్లో ఇల్లు నిండిపోతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్లు, నందిని రోడ్డు వర్క్‌షాపులవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి భిలాయి ఉక్కును నమ్ముకుని వచ్చి ఇక్కడే మనవలనెత్తిన పెద్దలు, తలా ఒక మాట చెబుతారు. అన్నీ ప్రేమతో చెప్పేవే, అందుకే కాదనడం కష్టం. కానీ లోపలి చెవి నరం వాచిన మనిషికి వాటిలో చాలావరకు హాని చేస్తాయి.

ఈ జబ్బు పేరు వెస్టిబ్యులర్ న్యూరైటిస్. తల ఎటు తిరిగిందో, ఎంత వేగంగా తిరిగిందో చెప్పే అవయవం లోపలి చెవిలో ఉంటుంది. ఆ కబురును మెదడుకు చేరవేసే నరం వాస్తుంది. ఎక్కువగా వైరస్ వల్లనే అని డాక్టర్ల అంచనా. ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న హెర్పిస్ వైరస్ మళ్లీ లేచి ఉండొచ్చని చెబుతారు. రెండు చెవుల కబుర్లు కావడికి రెండు వైపులా ఉన్న బిందెల్లాంటివి. ఒకవైపు బిందె జారిపోతే మనిషి రెండోవైపు ఒరిగిపోయినట్టే, ఒక నరం మూగబోతే తల కదలకున్నా తిరుగుతోందని మెదడు నమ్ముతుంది. పొద్దున లేచేసరికి గది గిర్రున తిరుగుతుంటుంది. కళ్లు మూసుకున్నా ఆగదు. గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవవు. గోడ పట్టుకుని లేచినా ఒక పక్కకే తూలిపోతారు. వినికిడి మాత్రం మామూలుగానే ఉంటుంది.

"పైత్యం చేసింది బావా, నిమ్మకాయ నీళ్లు తాగి పడుకో, రేపు చూద్దాం." అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. ఎందుకంటే చిన్నమెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతం కూడా మొదట అచ్చం ఇలాగే ఉండొచ్చు. కాలూ చెయ్యీ పడిపోవాలని లేదు. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగుడు పడకపోవడం, ముఖంలో ఒక పక్క తిమ్మిరి, ఎప్పుడూ లేని తలనొప్పి లేదా మెడనొప్పి, ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోవడం, ఆసరా ఇచ్చినా నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటిదాకా ఆగకూడదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు ఇవేవీ లేకపోయినా ఆగకూడదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మొదలైన దగ్గర్నుంచి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. 108కి ఫోన్ చేసి భిలాయి సెక్టార్ 9 ఆస్పత్రికో, రాయపూర్ ఎయిమ్స్‌కో వెళ్లాలి. తల తిరగడం ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి వెంట పట్టుకెళ్లండి. అక్కడ అడిగే మొదటి ప్రశ్న అదే.

"స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా, ఇంక భయమెందుకు" అనేవాళ్లూ ఉంటారు. చిన్నమెదడు వైపు వచ్చే పక్షవాతాన్ని సీటీ స్కాన్ చాలాసార్లు పట్టుకోలేదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎమ్మారైకి కూడా దొరక్కపోవచ్చు. అనుభవమున్న డాక్టరు అందుకే స్కాన్ కన్నా ముందు కళ్లు చూస్తాడు. రోగి చూపును డాక్టరు ముక్కు మీదే నిలపమని చెప్పి, రెండు చేతులతో తల పట్టుకుని చటుక్కున కొద్దిగా పక్కకు తిప్పుతాడు. నరం దెబ్బతిన్న వైపు తిప్పితే కళ్లు తలతో పాటే పక్కకు పోయి, మరుక్షణం ముక్కు మీదికి గెంతి వస్తాయి. 1988లో హల్మాగ్యి, కర్తోయిస్ అనే ఇద్దరు ఈ పరీక్షను లోకానికి చెప్పారు. ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ఆగకుండా తల తిరుగుతున్న మనిషిలో ఆ గెంతు కనిపిస్తే చాలావరకు ఊరట, తప్పు చెవి నరంలోదని. గెంతు లేకుండా కళ్లు చక్కగా నిలిస్తేనే మెదడును అనుమానించాలి. కళ్లు ఏ దిక్కుకు కొట్టుకుంటున్నాయి, రెండు కళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నవి కూడా కలిపి చూస్తేనే తీర్పు. ఇంట్లో ఎవరూ ఎవరి తలా తిప్పి చూడకూడదు.

"చెవిలో వెల్లుల్లి నూనె కాచి పొయ్యి వదినా." నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. వాచిన నరం దాని వెనక ఎముక లోపల ఉంది. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి దిగి చీము పట్టొచ్చు. పైగా ఒంటి వేడి కన్నా చల్లగా గానీ వేడిగా గానీ ఉన్నదేదైనా చెవిలో పోస్తే బాగున్న మనిషికి కూడా తల తిరుగుతుంది. చెవులు నీళ్లతో కడిగేటప్పుడు రాబర్ట్ బారనీ అనే వియన్నా డాక్టరు ఇది గమనించే లోపలి చెవి గుట్టు విప్పాడు, 1914 నోబెల్ బహుమతి అందుకున్నాడు.

మెడ అరిగిందనీ, పట్టీ వేసుకోమనీ, మంగలి దగ్గర మెడ విరిపించుకోమనీ చెబుతారు. మెడ విరిపించుకోవద్దు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు మెడ ఎముకల గుండా పోతాయి. బలంగా మెలిపెడితే లోపొర చిరిగి నిజంగానే పక్షవాతం రావచ్చు. పట్టీ తల కదలనివ్వదు, దాని నష్టం కిందికొస్తే తెలుస్తుంది.

గ్లూకోజు బాటిల్ ఎక్కించుకోమనేవాళ్లూ ఉంటారు. వాంతులతో ఒళ్లు ఎండిపోయినవాళ్లకు అది అవసరమే, నరానికి మాత్రం మందు కాదు.

యూట్యూబ్ చూసి మంచం మీద అటూ ఇటూ పడుకోబెట్టే చిట్కా ఒకటి బాగా తిరుగుతోంది. ఎప్లీ అనే ఆయన చెప్పిన ఆ పద్ధతి మంచిదే, కానీ వేరే జబ్బుకు. లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పితే మంచం మీద పక్కకు తిరిగినప్పుడల్లా కొన్ని సెకన్ల పాటు తల తిరిగి ఆగిపోతుంది. దానికి అది అద్భుతంగా పనిచేస్తుంది. రోజుల తరబడి ఆగకుండా తిరిగే నరం వాపుకు దానివల్ల వాంతులే మిగులుతాయి. ఎంతసేపు తిరుగుతోంది, ఏం చేస్తే మొదలవుతోంది అన్న రెండు సంగతులు డాక్టరుకు కచ్చితంగా చెప్పగలిగితే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

ఇక కోలుకోవడాన్ని ఆలస్యం చేసే రెండు సలహాలున్నాయి. మొదటిది: "మాత్ర మానకు, మానితే మళ్లీ వస్తుంది." స్టెమెటిల్, స్టుజెరాన్ లాంటివి తిరుగుడును అణచివేస్తాయి. మొదటి రెండు మూడు రోజులు అవి వరమే. ఆ తర్వాత మెదడు కొత్త లెక్క నేర్చుకోవాలి, ఒక చెవి కబురు తగ్గినా నిలబడటం ఎలాగో సరిచూసుకోవాలి. మాత్ర ఆ నేర్పును మందగింపజేస్తుంది. పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపులో నెలల తరబడి షీట్లు కొనేవాళ్లు ఎందరో ఉన్నారు. వయసు పైబడినవాళ్లకు ఈ మందులు ఎక్కువకాలం వాడితే చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం రావచ్చు. స్టెరాయిడ్ల సంగతి డాక్టరుకే వదలాలి. 2004లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్ల నరం మెరుగ్గా కోలుకుంది, వైరస్ మందు మాత్రం పనిచేయలేదు. ఆ తర్వాతి సమీక్షలు అంత ధీమాగా చెప్పలేదు. షుగర్ ఉన్నవాళ్లు స్టెరాయిడ్లు సొంతంగా మింగితే షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది.

రెండోది: "కదలకు, నెల్లాళ్లు మంచం దిగకు." ఇది వినడానికి ఎంత దయగా ఉంటుందో అంత నష్టం చేస్తుంది. 1940లలో ఇంగ్లండులో కాథార్న్, కుక్సీ అనే ఇద్దరు డాక్టర్లు లేచి తిరిగే రోగులే త్వరగా కోలుకోవడం చూసి వ్యాయామాలు రూపొందించారు. నేటికీ ఫిజియోథెరపిస్టులు నేర్పేది ఆ దారిలోనివే. వాంతులు ఆగిన మర్నాటి నుంచే మొదలుపెట్టాలి. చెయ్యి చాపి బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, తలను కాదంటున్నట్టు అటూ ఇటూ తిప్పండి. గోరు మసకబారని వేగంతో మొదలుపెట్టి, రోజురోజుకూ కొంచెం పెంచండి. ఆ తర్వాత అవునంటున్నట్టు పైకీ కిందికీ. కొంచెం తిరుగుడు రావాలి. వస్తేనే మెదడుకు తప్పు తెలుస్తుంది, దిద్దుకుంటుంది. తర్వాత ఇంట్లో గోడ వెంబడి, ఆపైన పక్కన ఒకరిని పెట్టుకుని వీధిలో, తల పక్కలకు తిప్పుతూ నడక. ఆదివారం పిల్లలతో మైత్రీబాగ్ పార్కుకు వెళ్లి చెట్ల కింద నడవడం కూడా వైద్యమే. అమ్మలూ, అత్తలూ, మంచం పక్కన కూర్చుని "లేవకు నాయనా" అనేకంటే చెయ్యి పట్టుకుని వాకిలిదాకా నడిపించండి, దానికన్నా పెద్ద సాయం లేదు.

చాలామందికి మొదటి వారంలోనే పెద్ద తిరుగుడు తగ్గిపోతుంది. తూలుడు మాత్రం కొన్ని వారాలు ఉంటుంది. ఇక్కడే ఆఖరి చెడు సలహా వస్తుంది: "తగ్గింది కదా, డ్యూటీకి పో, నాగా అయితే జీతం కోస్తారు." కాంట్రాక్టు కూలీకి ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. అయినా పరంజా, నిచ్చెన, క్రేను, తిరిగే బెల్టు పక్కన పని వద్దు. కొన్నాళ్లు నేల మీద పని ఇవ్వాలని డాక్టరు చేత చీటీ రాయించుకోండి, ఇంట్లోవాళ్లు ఒకరు కూడా వెళ్లి సూపర్‌వైజరుకు చెప్పండి. తల గబుక్కున తిప్పినా చూపు చెదరని స్థితి వచ్చేదాకా మోటారుసైకిలు తీయొద్దు. చీకట్లో కళ్ల సాయం ఉండదు, తూలుడు ఎక్కువగా తెలిసేది అప్పుడే. అందుకే పగటి షిఫ్టులో నిలదొక్కుకున్న తర్వాతే నైట్ షిఫ్టు ఒప్పుకోండి.