బొమ్మకు శాతం ఎక్కడ?

నందిగామ, కంచికచర్ల వైపు రైతు సీసీఐ కేంద్రానికి పత్తి తోలుకెళితే ముందు తేమ చూస్తారు. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన పెరిగే కొద్దీ కోత, 12 దాటితే బండి వెనక్కి తిప్పుకోమంటారు. పాలకేంద్రంలో పొద్దున్నే వెన్న శాతం తీసి ఆ అంకెను బట్టి డబ్బు కడతారు. మిరపకాయ గుంటూరు యార్డుకు పోతే ఎర్రకాయ ధర వేరు, తాలుకాయ ధర వేరు. మెట్ట కృష్ణాలో (2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లాలో) మనిషి అమ్మే ప్రతి సరుకుకూ ఒక నాణ్యత, ఆ నాణ్యతకో అంకె, ఆ అంకెకో కోత ఉన్నాయి.

అదే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి టీవీ పెడతాడు. నెలనెలా ముందే రీచార్జి చేసుకుని కొంటున్న బొమ్మకు మాత్రం శాతం లేదు, అంకె లేదు, కోత లేదు. ప్యాక్‌లో ఎన్ని చానెళ్లున్నాయో రాసి ఉంటుంది, ఏ చానెల్ ఎన్ని రూపాయలో రాసి ఉంటుంది, జీఎస్టీ పైసలతో సహా రాసి ఉంటుంది. ఆ చానెల్ ఎంత స్పష్టంగా వస్తుందన్నది మాత్రం కంపెనీ దయ, ప్రేక్షకుడి ప్రాప్తం.

పాత ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీ ఉన్నంతకాలం ఈ లోటు పెద్దగా బయటపడలేదు. జగ్గయ్యపేట ఇళ్లలోకి 43 అంగుళాల టీవీలు వచ్చాకే గుట్టు రట్టయింది. హీరో నిలబడితే హీరో, పరుగెత్తితే చదరపు ముక్కల కుప్ప. క్రికెట్ మైదానంలో పచ్చిక పచ్చరంగు పులిమినట్టుంటుంది. "బొమ్మ డబ్బాలు డబ్బాలుగా వస్తోందండీ" అని ఫోన్ చేస్తే అవతలి గొంతు తీయగా మంత్రం మొదలెడుతుంది: బాక్స్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి సర్, కేబుల్ ఊడదీసి పెట్టండి సర్, మీ ఏరియాలో వర్షం పడుతోందా సర్? ఎండాకాలం వస్తే రాష్ట్రంలో ఎండ మండే ఊళ్ల జాబితాలో ముందు వరుసలో కూర్చునే నందిగామను అడిగే ప్రశ్న అది. మంత్రం పనిచేయకపోతే టెక్నీషియన్ వస్తాడు. మేడెక్కి డిష్‌ను వేలెడు ఇటు, వేలెడు అటు తిప్పుతాడు. తెర మీద సిగ్నల్ గీత పొడవైందని చూపిస్తాడు. విజిట్ చార్జీ తీసుకుంటాడు. గీత బాగానే ఉంటుంది, బొమ్మే అలాగే ఉంటుంది.

అలాగే ఉంటుంది మరి. డిజిటల్ ప్రసారంలో డిష్ పని బొమ్మను బాగుచేయడం కాదు, అంకెల వరుసను తప్పుల్లేకుండా కిందికి దించడం. ఆ వరుస సరిగ్గా దిగేంత సిగ్నల్ ఉంటే చాలు, గీత అరవై దగ్గరున్నా తొంభై దగ్గరున్నా తెర మీద వచ్చేది ఒకటే బొమ్మ. సిగ్నల్ నిజంగా తగ్గితే బొమ్మ కొయ్యబారుతుంది, మాట తెగుతుంది, చివరికి తెర నల్లబడుతుంది. అది వాన జబ్బు. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలకు వాన గిట్టదు కాబట్టి ఆ జబ్బును ఎవరూ తప్పు పట్టరు. ఆకాశం నిర్మలంగా ఉండి, మాట గణగణ వినిపిస్తూ, మొహాలు మాత్రం మైనం పూసినట్టు నున్నగా అయిపోతే ఆ రోగం మేడమీద లేదు. కంపెనీ ప్రసార కేంద్రంలో ఉంది.

అక్కడ జరిగేది ఇది. చానెల్ వాళ్లు పంపిన బొమ్మను కంపెనీ దించుకుంటుంది, విప్పుతుంది, తనకు కావలసిన కొలతకు మళ్లీ నొక్కి 36 వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహానికి ఎక్కిస్తుంది. ఉపగ్రహంలోని ఒక్కో ట్రాన్స్‌పాండర్ సెకనుకు మోయగలిగిన బిట్లకు హద్దుంది. ఆ హద్దు యాభై మెగాబిట్లనుకుందాం. పాతిక చానెళ్లు ఎక్కితే తలా రెండు. ఇంకో పది ఎక్కిస్తే తలా ఒకటిన్నర కూడా రాదు. ట్రాన్స్‌పాండర్‌కు అద్దె పెరగలేదు, చానెళ్ల సంఖ్య పెరిగింది, ప్రకటనలో అంకె పెద్దదైంది. తగ్గింది బొమ్మ ఒక్కటే. ఎస్‌డీ చానెల్‌కు అడ్డంగా 720 చుక్కలుండాలి. దాన్ని 544కో 480కో కుదించి పంపడం ప్రపంచమంతటా ఉపగ్రహ ప్రసారాల్లో పాత అలవాటే. బాక్స్ దాన్ని సాగదీసి తెర నింపుతుంది, కాబట్టి కొలతలో తక్కువేమీ కనిపించదు.

పైగా ఈ పంపకం సమానం కాదు. ఏ చానెల్‌లో కదలిక ఎక్కువుంటే దానికి ఆ క్షణాన బిట్లు ఎక్కువ ఇచ్చేలా యంత్రం చూసుకుంటుంది. పద్ధతి తెలివైనదే, ఒప్పుకోవాలి. తెలుగు సీరియల్‌లో అత్తగారు గుడ్లురిమి చూస్తుండగా కెమెరా ఆ మొహం మీదికే మూడుసార్లు దూకితే యంత్రానికి బోలెడంత విశ్రాంతి. అసలు పరీక్ష శ్రీరామనవమి నాడు వస్తుంది. భద్రాచలం మిథిలా స్టేడియంలో కల్యాణం, నాలుగైదు చానెళ్లలో ఒకేసారి ప్రత్యక్ష ప్రసారం, వేల తలల జనం. అప్పుడు తలంబ్రాలు పోస్తారు. నొక్కుడు యంత్రానికి ప్రపంచంలో పరమ శత్రువులు నీళ్లు, పొగ, గుంపు, గాల్లోంచి రాలే సన్నటి గింజలు. ఒకే పంక్తిలో కూర్చున్న నాలుగు చానెళ్లూ ఒకే క్షణంలో విస్తరి చాపుతాయి. పప్పు గిన్నె అడుగంటుతుంది. ఎర్రటి బియ్యం, ముత్యాలు కలిసి ఎర్రటి పలకలుగా సీతారాముల మీద జారుతుంటే భక్తులు దండం పెట్టుకుంటారు.

రంగు సంగతి ఇంకా అన్యాయం. బొమ్మలో వెలుగునీడల వివరం పూర్తిగా పంపి, రంగు వివరం నాలుగో వంతే పంపడం మామూలు పద్ధతి. కన్ను పట్టుకోదని ధీమా. బిట్లు తగ్గినప్పుడు ముందుగా చెదిరేవాటిలో ముదురు ఎరుపు ఒకటి. కల్లాల్లో మిరప ఆరబోసే ప్రాంతానికి ఎరుపు గురించి చెప్పాలా? వార్తల్లో యార్డు చూపించినప్పుడు అది తేజ రకమో తాలుకాయో పోల్చుకోవడం రైతు తరం కూడా కాదు.

ఇక హెచ్‌డీ. నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చినప్పుడు వంద ఎస్‌డీ చానెళ్ల వరకు నెట్‌వర్క్ రుసుం గరిష్ఠంగా 130 రూపాయలు, పన్నుతో 153 చిల్లర. ఆ లెక్కలో ఒక హెచ్‌డీ చానెల్ రెండు ఎస్‌డీ చానెళ్లతో సమానం. అంటే హెచ్‌డీ ఎక్కువ చోటు తింటుందని చట్టం ఒప్పుకుంది, తిన్న చోటుకు డబ్బు కట్టమంది. బాగానే ఉంది. అంత చోటు నిజంగా ఇస్తున్నారా అన్న ప్రశ్నకు బిల్లులో గడి లేదు. 2020లో వందను రెండొందల చానెళ్లు చేశారు, 2024 జులైలో రుసుంపై పరిమితే ఎత్తేశారు. సవరణ మీద సవరణ వచ్చినా బొమ్మ పేరుతో ఒక్క అంకె కూడా బిల్లెక్కలేదు.

కంపెనీల వాదన పాతదే: మాకు ఉపగ్రహాల్లో చోటు చాలదు. అబద్ధమేమీ కాదు. 2010 జులైలో ఇన్సాట్-4బికి విద్యుత్ లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆగిపోతే సన్ డైరెక్ట్ మలేసియా ఉపగ్రహం మీసాట్-3కి మారాల్సి వచ్చింది. ఇంటింటి డిష్‌లను కొత్త దిక్కుకు తిప్పారు. డిష్ తిప్పడానికి న్యాయమైన కారణం ఉన్న సందర్భం అది. మరి చోటు దొరికినప్పుడు ఏమైంది? 2022 జూన్‌లో జీశాట్-24 ఎగిరింది. 24 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు, మొత్తం టాటా ప్లేకే. ఇక 600 నుంచి 900 చానెళ్ల దాకా ఇవ్వగలమని కంపెనీ చెప్పింది. బొమ్మ, శబ్దం మెరుగవుతాయనీ చెప్పింది. చానెళ్లకు అంకె ఉంది, మెరుగుకు లేదు.

బొమ్మకు అంకె వేయడం అసాధ్యమేమీ కాదు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబర్‌లో ధరలు తగ్గించినప్పుడు పట్టికలోనే 149కి 480పి, 499కి 1080పి, 649కి 4కె అని రాసి పెట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలయ్యే వేళ ఓటీటీ కంపెనీలన్నీ కూడబలుక్కుని, మొబైల్ నెట్‌వర్క్‌లో బొమ్మను 480పికి మించనివ్వబోమని, అదీ ఏప్రిల్ 14 వరకేనని చాటింపు వేసి మరీ తగ్గించాయి. తగ్గించడం నేరం కాదు. చడీచప్పుడు లేకుండా తగ్గించి, మీ కేబుల్ వదులైందనడం దగ్గరే పేచీ.

బయటి దేశాల వాళ్లూ ఈ వైభవానికి దూరం కాలేదు. 2009 ఆగస్టులో బీబీసీ తన హెచ్‌డీ చానెల్‌ను సెకనుకు 16 మెగాబిట్ల నుంచి 9.7కి దించింది. కొత్త యంత్రాలు కాబట్టి నాణ్యత తగ్గలేదని వాదించింది. ప్రేక్షకులు అంకెలు పట్టుకుని నిలదీశారు, ఎందుకంటే అంకెలు వాళ్ల చేతికి అందాయి. అమెరికాలో ఉపగ్రహ టీవీ కంపెనీ డైరెక్‌టీవీ మీద 2004లో లాస్ ఏంజెలెస్‌లో దావా పడింది, హెచ్‌డీ అని డబ్బు తీసుకుని చుక్కలు కోసేస్తోందని. కోర్టుకు వెళ్లకూడదని, కలిసి దావా వేయకూడదని ఒప్పందంలో ఉందంది కంపెనీ. 2006లో పైకోర్టు ఆ షరతు చెల్లదంది. 2009లో అదే పైకోర్టు ఇంకో మెలిక పెట్టింది: చందాదారులందరూ ఆ ప్రకటన చూసే చేరారని చెప్పలేం కాబట్టి ఇది ఉమ్మడి దావా కాజాలదు. బొమ్మ అందరికీ ఒకేలా చెడింది, దావా మాత్రం ఎవరిది వారే వేసుకోవాలి.

ఇక్కడి ప్రేక్షకులు దావాల దాకా పోకుండా లేచి వెళ్లిపోతున్నారు. 2021 నాటికి దేశంలో డబ్బు కట్టే డీటీహెచ్ చందాదారులు సుమారు 7 కోట్లు. 2025 మార్చికి 5.7 కోట్లు. ఓటీటీ వల్ల, ఉచిత డీడీ ఫ్రీ డిష్ వల్ల అని కంపెనీలు కారణాలు చెబుతాయి. అవీ నిజమే. ఆ జాబితాలో బొమ్మ పేరు రాదు.

పట్టుదల ఉన్నవాడికి దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపమంటే నాణ్యతలో కొరత కూడా అంటుంది. అయిదు లక్షల లోపు వ్యవహారమైతే వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. జగ్గయ్యపేట నుంచి ఆ కమిషన్ ఉన్న విజయవాడకు హైవే మీద గంటన్నర ప్రయాణం. సాక్ష్యం కోసం టీవీ ముందు సెల్‌ఫోన్ పెట్టి వీడియో తీసి, కంపెనీకి వాట్సాప్‌లో పంపాలి. వాట్సాప్ ఆ వీడియోను మళ్లీ నొక్కి పంపుతుంది. "వీడియో క్లారిటీ లేదు సర్, ఇంకోసారి తీసి పంపుతారా?"