అటక ఖాళీ చేయు విధానం

తెలుగు ఇంట్లో వస్తువుకు నాలుగు ఆశ్రమాలున్నాయి. కొన్న కొత్తలో, పైనున్న ప్లాస్టిక్ కాగితమైనా తీయకుండా, అట్టపెట్టెతో సహా బీరువాలో గడిపేది బ్రహ్మచర్యం. వాడుకలోకి వచ్చి గీతలు పడి, పిడి ఊడి, మూత పోగొట్టుకునేది గార్హస్థ్యం. ఆ తర్వాత అటకెక్కి, ఎవరి కంటా పడకుండా ఇంట్లోనే ఉండిపోవడం వానప్రస్థం. నాలుగోదైన సన్న్యాసం, అంటే గడప దాటి వెళ్ళిపోవడం, శాస్త్రంలో ఉంది గాని ఆచరణలో బహు అరుదు. ఇల్లు ఖాళీ చేసే విద్య అంతా వస్తువును మూడో ఆశ్రమం నుంచి నాలుగో ఆశ్రమానికి పంపడం గురించే. మిగతాదంతా సర్దుడు కిందికి వస్తుంది.

సర్దుడులో వస్తువు హాల్లోంచి పడగ్గదికి, పడగ్గదిలోంచి మంచం కిందికి, అక్కడి నుంచి అటక మీదికి ప్రయాణం చేస్తుంది. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది, ఇల్లు బాగుపడిందన్న తృప్తి కలుగుతుంది, వస్తువులు మాత్రం పొద్దున ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి. ఒక్కోసారి పెరుగుతాయి కూడా, సర్దడానికని కొత్త ప్లాస్టిక్ డబ్బాలు కొంటారు గనక. పండగల ముందు బూజు దులిపే రోజుల్లో జరిగేది చాలావరకు ఈ ప్రయాణాల ఏర్పాటే.

వస్తువు గడప దాటకపోవడానికి కారణాలు బలమైనవి. మొదటిది "ఎప్పుడైనా పనికొస్తుంది". దీన్ని వాదించి గెలిచినవాళ్ళు లేరు. పారేసిన మర్నాడే కావలసి వచ్చిన వస్తువు ప్రతి ఇంటి చరిత్రలోనూ ఒకటి ఉంటుంది, దాని కథ మూడు తరాలు నడుస్తుంది. పారేశాక ఒక్కసారి కూడా గుర్తుకు రానివాటికి కథ ఉండదు కాబట్టి అవి సాక్ష్యానికి రావు. రెండోది సొంతదన్న మమకారం. డేనియల్ కానెమన్, రిచర్డ్ థేలర్ మరొక సహచరుడితో కలిసి 1990లో ప్రచురించిన ప్రయోగంలో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో కొందరికి కాఫీ కప్పులు ఇచ్చి అమ్మమన్నారు, మిగతావాళ్ళను కొనమన్నారు. అమ్మేవాళ్ళు అడిగిన ధర, కొనేవాళ్ళు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు తేలింది. కప్పు చేతికొచ్చి కాసేపే అయింది. 1994లో పెళ్ళికి వచ్చిన గోడగడియారం విషయంలో ఈ నిష్పత్తి ఎంతకు చేరుతుందో కొలిచే సాహసం ఆ శాస్త్రవేత్తలు చేయలేదు. కానెమన్‌కూ థేలర్‌కూ నోబెల్ బహుమతి మాత్రం వచ్చింది.

మూడో కారణం దేవుడు. శుభలేఖ మీద వినాయకుడు, క్యాలెండర్ మీద వెంకటేశ్వరస్వామి, అగరొత్తుల పెట్టె మీద లక్ష్మీదేవి ఉండగా ఏ కాగితాన్నీ చెత్తబుట్టలో వేయలేరు. అలాంటివి ఏళ్ళ తరబడి పోగుపడి, చివరికి ఒక తెల్లవారుజామున వీధి చివరి రావిచెట్టు మొదట్లో ప్రత్యక్షమవుతాయి. దీన్ని ఖాళీ చేయడం అనవచ్చా, చెట్టుకు అప్పగించడం అనాలా అన్నది తేలలేదు. మున్సిపాలిటీ మనిషి చెత్తబండిలోకి ఎత్తేటప్పుడు ఇంటివాళ్ళు అక్కడ ఉండరు కాబట్టి పాపం ఎవరి ఖాతాలో పడుతుందన్న చర్చ కూడా రాదు.

నాలుగోది వారం, వర్జ్యం. మంగళవారం ఇంట్లోది బయటికి ఇవ్వరు. శుక్రవారం లక్ష్మీదేవి రోజు, ఆ మాటే ఎత్తకూడదు. శనివారం ఇనుముతో వ్యవహారం పెట్టుకోరు. దీపాలు పెట్టాక చెత్త గడప దాటకూడదు. సోమ, బుధ, గురువారాలు ఆఫీసు. మిగిలింది ఆదివారం. మధ్యాహ్నం కోడికూర తర్వాతి నిద్ర, నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం, ఆపైన దీపాల వేళ.

ఇక్కడ అటక పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. స్టెయిన్‌లెస్ స్టీలు కొత్తగా మెరుస్తున్న రోజుల్లో తెలుగు ఇళ్ళు తాతల నాటి ఇత్తడి గుండిగలు, గంగాళాలు, కంచు చెంబులు తూకానికి వేసి స్టీలు బిందెలు తెచ్చుకున్నాయి. ఇప్పుడు వాళ్ళ మనవలు అవే గంగాళాలను పురాతన వస్తువుల దుకాణంలో పదింతలు పోసి కొని, నీళ్ళు పోసి పూలరేకులు చల్లి గుమ్మం పక్కన పెట్టుకుంటున్నారు. 1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికలను కిలోల లెక్కన అమ్ముకున్నవాళ్ళు ఇవాళ వాటి స్కాన్ కాపీల కోసం వెతుక్కుంటున్నారు. అయితే ఈ ఉదాహరణలను అటక మీది విరిగిన మిక్సీ తన పక్షాన వాడుకోవడం కుదరదు. విరిగిన మిక్సీ ఎన్నేళ్ళు నిల్వ చేసినా గంగాళం కాదు.

ఖాళీ చేసే పద్ధతుల్లో లోకమంతా పేరుపడ్డది జపాన్‌కు చెందిన మరీ కోండోది. 2010లో వచ్చిన ఆమె పుస్తకం ప్రకారం ఇంట్లోని బట్టలన్నీ ఒకచోట కుప్ప పోసి, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, అది ఆనందం కలిగిస్తే ఉంచుకోవాలి, లేకపోతే కృతజ్ఞత చెప్పి పంపేయాలి. కొద్దికొద్దిగా చేయడాన్ని ఆమె ఒప్పుకోరు, మొత్తం ఒకే ఊపులో కావాలంటారు. తెలుగు ఇంట్లో ఈ పద్ధతి మొదటి మెట్టు, అంటే కుప్ప పోయడం, దివ్యంగా జరుగుతుంది. తర్వాత అందులోంచి పాత పట్టుచీర బయటపడుతుంది, అది ఎవరి పెళ్ళిలో పెట్టారన్న చర్చ మొదలవుతుంది, ఆ పెళ్ళిలో ఎవరు ఎవరితో మాట్లాడలేదన్న దాకా వెళ్ళి భోజనాల వేళవుతుంది. కుప్ప మాత్రం మంచం మీదే ఉంటుంది, ఇంటిల్లిపాదీ ఆ రాత్రి హాల్లో పడుకుంటారు. ముగ్గురు పిల్లలు పుట్టాక సర్దుడును తాను కూడా కొంతవరకు వదిలేశానని 2023లో కోండో చెప్పినప్పుడు తెలుగునాట అనేకమంది తమ పద్ధతే ముందునుంచీ సరైనదని నిర్ధారించుకున్నారు.

దీనికి ఎదురుగా నిలిచేది చిన్న అడుగుల పద్ధతి. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే బీజే ఫాగ్ 2019 చివర్లో ప్రచురించిన పుస్తకంలో చెప్పిన ప్రకారం, ఉత్సాహం నమ్మదగ్గది కాదు. అది వస్తుంది, పోతుంది. పని దాని మీద ఆధారపడకూడదనుకుంటే పనినే నవ్వొచ్చేంత చిన్నది చేయాలి, అప్పటికే ఉన్న అలవాటు వెనకాల తగిలించాలి. ఆయన పళ్ళ సందులు దారంతో శుభ్రం చేసుకునే అలవాటుకు ఒక్క పన్నుతో మొదలుపెట్టమంటారు. నార్త్ కరోలినా వాసి మార్లా సిల్లీ అంతకుముందే అమెరికా గృహిణులకు మొదటి రోజు సింకు ఒక్కటి తోమి మెరిపించమని, తర్వాత గడియారం పెట్టుకుని పదిహేను నిమిషాలే పనిచేయమని చెబుతూ వచ్చింది.

తెలుగు వంటింట్లో గడియారం అక్కర్లేదు, కుక్కర్ ఉంది. పప్పుకు మూడు విజిళ్ళు వచ్చేలోపు ఒక్క సొరుగు. నాలుగో విజిల్ వస్తే పని ఆపేయాలి, లేకపోతే పప్పు అడుగంటుతుంది. పాలు పొయ్యి మీద పెట్టి ఈ పని చేయడం నిపుణులకు తప్ప ఇతరులకు తగదు. పాలు పొంగడం శుభమే గాని ఆ శుభం గృహప్రవేశం రోజుకే పరిమితం.

సొరుగుల్లోనూ ఒక వరస ఉంది. మమకారం తక్కువ ఉన్నచోట మొదలుపెట్టాలి. ఇంకు అయిపోయిన పెన్నులు, మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు మొదటి రోజు పోవాలి. వీటిలో డబ్బాలు, మూతలు ఒకే పూట తీయడం ముఖ్యం. విడివిడిగా తీస్తే ప్రతిదానికీ జత ఎక్కడో ఉందన్న ఆశ మిగిలిపోతుంది. రెండోది మందుల పెట్టె. గడువు తేదీ దాటిన మాత్రల విషయంలో "ఆరు నెలలే కదా" అన్న వాదన వస్తుంది, తీరా చూస్తే ఆరేళ్ళు ఉంటుంది. మూడోది కవర్ల కవరు. ఒక పెద్ద కవర్లో వందల చిన్న కవర్లు కూరి తలుపు వెనక మేకుకు తగిలించే ఈ ఏర్పాటు లేని తెలుగు ఇల్లు ఉండదు. 2022 చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ సంచుల తయారీ, అమ్మకం, వాడకం దేశంలో నిషిద్ధం. ఆ నిషేధం తర్వాత తలుపు వెనకున్నవి మరింత అపురూపమయ్యాయి.

బియ్యం డబ్బాల అడుగున, పాత హ్యాండ్‌బ్యాగుల అరల్లో రద్దయిన అయిదొందల, వెయ్యి నోట్లు ఇప్పటికీ దొరుకుతుంటాయి. 2016 నవంబరులో రద్దయిన ఈ నోట్లు ఒక మనిషి దగ్గర పదికి మించి ఉండకూడదని 2017లో చట్టం వచ్చింది. అక్కరకురాని వస్తువు ఇంట్లో ఎన్ని ఉండవచ్చో పార్లమెంటు లెక్క కట్టి చెప్పింది దీని ఒక్కదాని గురించే కాబోలు. గోడగడియారాల గురించి అలాంటి చట్టం రాలేదు.

ఇక ప్రేరణ. ఎన్ని పుస్తకాలు చదివినా తెలుగు ఇంటిని కదిలించేవి మూడు నాలుగు శక్తులే. చుట్టాలు వస్తున్నారన్న ఫోను వాటిలో మొదటిది. దాని ప్రభావం తీవ్రం గాని స్వల్పకాలికం, పైగా అది సర్దుడును మాత్రమే పుట్టిస్తుంది. ఇల్లు మారడం రెండోది. లారీ ఎక్కించడానికి వచ్చినవాళ్ళు ఇంత సామానుకు ఇంత అని చెప్పిన రేటు విన్నాక మమకారం అమాంతం తగ్గుతుంది. భోగిమంట సంప్రదాయంగా మూడోది. పాతవన్నీ అందులో వేయడమే దాని ఉద్దేశమంటారు. ఇప్పుడు చాలా ఇళ్ళు భోగికి పిడకలూ కట్టెలూ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాయి. కాలు విరిగిన కుర్చీ అటక మీద నుంచి ఆ మంటను చూస్తూ ఉంటుంది.

నాలుగో శక్తి వీధిలో వినిపిస్తుంది. పాతబట్టలకు స్టీలు సామాన్లంటూ వచ్చే ఆమెకు ఫాగ్ సిద్ధాంతం చదవకుండానే తెలుసు. తెలుగువాళ్ళు పారేయరు, ఇస్తారు, మార్చుకుంటారు. తీసుకునే చేయి ఎదురుగా ఉంటేనే వస్తువు కదులుతుంది. ఆమె ఒక్క చీర అడగదు. గిన్నె చూపించి, నాలుగు చీరలకు బేరం మొదలుపెట్టి, ఇంటావిడ ఇంకో రెండు ప్యాంట్లు వెతికి తెచ్చేదాకా గడప దగ్గర కూర్చుంటుంది. అరగంటలో బీరువా అర ఒకటి ఖాళీ అవుతుంది, వంటింట్లో స్టీలు డబ్బా ఒకటి చేరుతుంది. నికర ఫలితం మంచిదే. బట్టలు మడత పెట్టిన ఎత్తు కంటే డబ్బా ఎత్తు తక్కువ.

ప్రభుత్వం కూడా ఈ దారిలోనే వెళ్ళింది. 2021 నుంచి ఏటా అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు పాత ఫైళ్ళను, తుక్కు సామాన్లను వదిలించుకునే ప్రత్యేక కార్యక్రమం నడుపుతున్నాయి. తుక్కు అమ్మకంతో వేల కోట్ల రూపాయలు వచ్చాయి. దశాబ్దాల ఫైళ్ళకే సన్న్యాసం ఇప్పించినవాళ్ళు ఇంటికి వెళ్ళి 1998 నాటి కరెంటు బిల్లుల కట్టను ఏం చేశారన్నది లెక్కల్లోకి రాదు.

చిన్న అడుగుల పద్ధతికి అసలు శత్రువు బద్ధకం కాదు, ఇంట్లోని ఇంకో మనిషి. కోడలు పగలు బయట పెట్టిన సంచిలోంచి మామగారు రాత్రి ఒక టార్చిలైటు, రెండు చెక్క హ్యాంగర్లు వెనక్కి తీసుకుంటారు. కొడుకు తీసేద్దామన్న పాత టీవీ అట్టపెట్టెలో అమ్మ అప్పటికే శీతాకాలపు దుప్పట్లు పెట్టేసి ఉంటుంది. దీనికి ఫలించిన ఉపాయం ఒక్కటే: సంచి నిండిన గంటలోగా గేటు దాటించడం. గేటు లోపల రాత్రి గడిపిన ఏ సంచీ మర్నాడు అంతే బరువుతో ఉన్నట్టు దాఖలా లేదు.

ఇంటికి వచ్చే దారి మూయకపోతే ఇదంతా వృథా అన్న విమర్శ ఒకటుంది, అది సరైనదే. శ్రావణమాసంలో పేరంటాలకు వెళ్ళిన ఇల్లాలికి వచ్చే జాకెట్టు ముక్కలను కుట్టించుకునేవాళ్ళు లేరు. అవి మరుసటి శుక్రవారం మరో ఇంటికి తాంబూలంతో వెళ్తాయి. ఈ ఏర్పాటులో మెచ్చుకోదగ్గది వాటి చలనం. ఏ ఇంట్లోనూ స్థిరపడకుండా కాలనీ అంతా తిరిగే వస్తువు ఇదొక్కటే, దీని జోలికి ఏ సంస్కర్తా వెళ్ళనక్కర్లేదు. ఒకే జాగ్రత్త, ఏది ఎవరిచ్చారో లోపల చీటీ పెట్టుకోవాలి. ఇచ్చినావిడకే తిరిగి ఇచ్చిన ఇళ్ళ మధ్య మాటలు లేవు.

ఫొటోలు, ఉత్తరాలు, చనిపోయినవాళ్ళ కళ్ళజోళ్ళు ఆఖరున. వీటికి మూడు విజిళ్ళ లెక్క పనిచేయదు, పెట్టకూడదు కూడా. ఆ తర్వాత మిగిలేది తాళంచెవుల గుత్తి. ఏ తాళానివో ఎవరికీ తెలియని ఈ చెవుల విషయంలో ఇంతవరకు ఏ పద్ధతీ ఫలించలేదు.