కొసరు దక్కింది, అసలు పోయింది

కూరగాయల బజారులో దొరికే ఆనందాల్లో కొసరును మించింది లేదు. కిలో వంకాయలు తూచాక తక్కెడలో పడే ఆ ఒక్క వంకాయ, సంచి మూతి ముడిచేలోగా లోపలికి దూరే ఆ నాలుగు కరివేపాకు రెబ్బలు... అడక్కుండా వస్తే మర్యాద, అడిగి పుచ్చుకుంటే హక్కు, అడిగినా రాకపోతే లోకం చెడిపోయిందనడానికి సాక్ష్యం. దాని ఖరీదు రూపాయో, రెండో. అయినా ఆ పూట కూర రుచిలో సగం దానిదే. ఆ విజయగర్వంతోనే ఇంటికొచ్చి, ఏసీని 18 దగ్గర పెట్టి, చలేస్తోందని దుప్పటి కప్పుకుని పడుకుంటాం. మన ఇళ్లలో పొదుపు లేదని ఎవరన్నా అంటే ఒప్పుకోను. కావలసినంత ఉంది. కాకపోతే ఉన్నదంతా కొసరు మీదే కాపలా కాస్తోంది, అసలు పెరటి దారిన దర్జాగా వెళ్లిపోతోంది. చేతిలోంచి చిల్లర జారితే చప్పుడవుతుంది, వంగి వెతుక్కుంటాం. మీటరు తిరిగితే చప్పుడు కాదు. మన పొదుపంతా ఆ చప్పుడును బట్టే నడుస్తుందని నా వాదన.

కరెంటు సంగతే చూడండి. ఫోను తీసేశాక ప్లగ్గు స్విచ్ కట్టేయలేదని పిల్లల్ని కేకలేయని ఇల్లుండదు. నిజానికి నెలంతా రోజూ ఒక ఫోన్‌ను నిండుగా ఛార్జి చేసినా ఒక్క యూనిట్ ఖర్చవడం కష్టం. రెండువేల వాట్ల గీజరు అరగంటలో ఆ యూనిట్‌ను మింగేస్తుంది. అంటే ఫోను నెల రోజుల తిండిని గీజరు ఒక్క స్నానం వేళకే తినేసి, ఇంకా వేడెక్కలేదంటుంది. తలమీద తిరిగే పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగుతుంది, ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని 30 వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే చోట నెలకు పదహారు యూనిట్లు మిగులుతాయి. పాతకాలపు పెట్టె రెగ్యులేటరుతో స్పీడు తగ్గించి ఆదా చేశామనుకునేవారూ ఉన్నారు, ఆ పెట్టె మీద ఒకసారి చెయ్యి పెడితే తగ్గించిన కరెంటులో చాలా భాగం ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది. ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ లెక్క. 2020 నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ వాటంతటవి 24 దగ్గరే మొదలవ్వాలన్న నియమమూ వచ్చింది. యంత్రం బుద్ధిగా 24 అంటుంది, రిమోటు పట్టుకున్నవారు 18 అంటారు, దుప్పటి రెండింటి మధ్య రాజీ చేస్తుంది.

వంటింట్లోనూ ఇదే కథ. 14.2 కిలోల సిలిండరు అయిపోవచ్చినప్పుడు దాన్ని ఊపి, వంచి, చివరికి పడుకోబెట్టి మరో రెండు టీలు పిండుకునే సాహసులున్నారు. అది ప్రమాదం, మిగిలేది కూడా ఆ రెండు టీలే. సిలిండరు నిండుగా ఉన్న రోజుల్లో మాత్రం మూత లేని గిన్నె కింద మంట అంచులు దాటి గిన్నె చెవుల్ని కాలుస్తుంటుంది. గిన్నెలో మరుగుతున్న నీరు ఎంత మంట పెట్టినా వంద డిగ్రీలు దాటదు. మరిగాక మంట తగ్గించినా పప్పుకు తేడా తెలియదు, సిలిండరుకు తెలుస్తుంది. కందిపప్పును ముందే నానబెట్టి కుక్కర్లో పెట్టడం వల్ల మిగిలే గ్యాసు, చివరి రోజు వ్యాయామంతో మిగిలే గ్యాసుకు ఎన్నో రెట్లు. కానీ నానబెట్టడంలో సాహసం లేదు, చప్పుడూ లేదు.

బజారుకు తిరిగొద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన రైతుబజార్లు మంచి ఏర్పాటే, ధరల బోర్డు చూస్తే మనసు కుదుటపడుతుంది. దగ్గరున్నవారికి నిజంగా లాభం. కానీ వీధి చివర కన్నా టమాటా కిలోకు ఐదు రూపాయలు తక్కువని ఆరు కిలోమీటర్లు స్కూటరు మీద వెళ్లి రెండు కిలోలు తెచ్చేవారి లెక్క వేరు. పోనురాను పన్నెండు కిలోమీటర్లు, లీటరుకు నలభై ఐదు ఇచ్చే బండి, వంద దాటిన పెట్రోలు. పది రూపాయలు మిగల్చడానికి పాతిక పైన తగలేశాం. ఫోన్లో సరుకులు తెప్పించుకునేవారు తెలివైనవారనుకుంటే, ముప్పై రూపాయల డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి ఎనభై రూపాయల చిప్స్ చేర్చేది వాళ్లే. ఆ చిప్స్ పొట్లంలో సగం గాలి, ఆదాలోనూ అంతే.

ఇక తరుగు. ఈ మాటకు తెలుగులో రెండు ముఖాలున్నాయి. వంకాయ తరుగులో పుచ్చు ముక్క వస్తే బజారు వరకూ వెళ్లి పోట్లాడతాం. బంగారం తరుగు దగ్గర మాత్రం గొంతు పెగలదు. తులం లక్ష అనుకుని, తరుగు పన్నెండు శాతం అనుకుంటే, పన్నెండు వేలు గొలుసులో కాక మాటలో పోయినట్టు. దాని మీద 3 శాతం జీఎస్టీ కూడా కడతాం. ఆ పన్నెండు వేలకు పది రూపాయల కొత్తిమీర కట్టలు పన్నెండు వందలొస్తాయి, రోజుకొకటి చొప్పున మూడేళ్లు దాటి వాడుకోవచ్చు. సాదా నగకు తరుగు తక్కువని, అంకె బేరానికి లొంగుతుందని చాలామందికి తెలుసు. అయినా ఏసీ చల్లదనంలో, కూల్‌డ్రింక్ చేతిలో పెట్టాక, శాతం గురించి అడగడం మర్యాద కాదనిపిస్తుంది. గంప పక్కన ఎండలో కూర్చున్న మనిషి దగ్గరే మనకు నోరు బాగా లేస్తుంది. వడ్డీ తీరూ ఇంతే. పల్లెలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే 'అమ్మో, కొంప మునుగుతుంది' అంటారు. క్రెడిట్ కార్డు బాకీ ఈ నెలది వచ్చే నెలకు తోస్తే చాలా కార్డుల మీద పడేది అంతకు తగ్గని వడ్డీయే. కాగితం మీద 'శాతం' అని అచ్చయ్యేసరికి అది గౌరవనీయమైన ఖర్చయిపోయింది.

చినుకు చినుకు కలిస్తేనే కదా వరద అని మీరనవచ్చు. కాదనను. ఆ సామెతకు తిరుగులేని రుజువు 2016 నవంబరు 8న దొరికింది. పెద్ద నోట్లు చెల్లవనగానే పోపులడబ్బాల్లోంచి, బియ్యం డ్రమ్ముల్లోంచి, చీర మడతల్లోంచి ఇంటి పెద్దకు తెలియని నోట్లు బయటికొచ్చాయి. జీలకర్ర వాసన వేసే ఆ నోట్లు కొసరు కొసరుగా కూడినవే. కానీ ఒక్కటి గమనించాలి. వాటిని దాచిన ఇల్లాలి చేతికి అందిన ఖర్చు అంతే. ఏసీ, కారు, అప్పు, స్థలం నిర్ణయాలు చాలా ఇళ్లలో ఆమె దాకా రానిచ్చేవారు కాదు. అందినచోట ఆమె అద్భుతంగా మిగిల్చింది. అందనిచోట పోయిన దానికి పొదుపు సూక్తులు మళ్లీ ఆమెకే చెప్పడం న్యాయం కాదు. చినుకులు పట్టే కుండకు అడుగున చిల్లుంటే ముందు చిల్లు పూడ్చాలి. ఆ తర్వాత సామెత దానంతటదే నిజమవుతుంది.

ఒక్కోసారి కొసరే అసలవుతుందన్నది ఇంకా గట్టి అభ్యంతరం. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201 అయితే మొత్తం కట్టాలి. అక్కడ నెలాఖరున ఇంటిల్లిపాదీ మీటరు ముందు నిలబడి ఒక్క యూనిట్ కోసం లైట్లార్పితే నవ్వకూడదు, అది అచ్చమైన తెలివి. అయితే వాళ్లు అంకె చూసి ఆర్పుతున్నారు. నేను కోరేదీ ఆ చూపే.

ఇలా ప్రతిదానికీ లెక్క కడితే బతుకులో రుచేముంటుందంటారా? రుచి సంగతి మన వంటింటికి చెప్పక్కర్లేదు. బీరకాయ కూరకు పోగా మిగిలిన పొట్టు పచ్చడయింది, సొరకాయ తొక్కూ పచ్చడయింది, పులిసిన దోసెల పిండి పునుగులయింది. వీటిని ఎవరూ ఆదా కోసమని తినరు, రెండోసారి వడ్డించమంటారు. పారేయబోయే ముందు చెయ్యి ఆగి, దీన్నేం చేయవచ్చని అడగడంలోంచే పచ్చడీ పుట్టింది, పొదుపూ పుట్టింది. ఆగని చేతిది దుబారా, అస్తమానం ఆగే చేతిది పిసినారితనం. రెండిటికీ లెక్క అక్కర్లేదు, అందుకే రెండూ తేలిక.

కాబట్టి కొసరు అడగడం మానమని నేను చెప్పను. అంత చక్కటి విద్యను వంకాయల దగ్గరే వాడి ఊరుకోవద్దంటాను. అదే గొంతుతో, అదే పట్టుదలతో, ఒకసారి బంగారం కొట్లో కూల్‌డ్రింక్ పక్కన పెట్టి, 'తరుగు సగం చెయ్యండి, మీద కొసరేమిస్తారు?' అని అడిగి చూడండి. ఆ పన్నెండు వేలలో ఆరు వేలు తగ్గినా చాలు, ఏడాదిన్నర పాటు కొత్తిమీర కట్టకు బేరమాడక్కర్లేదు. గంప పక్కన కూర్చున్నావిడ అప్పుడు తనంతట తానే నాలుగు రెబ్బలు వేస్తుంది.